తొమ్మిదో చిల్లు

బండకాలనీని కాపాడింది మద్దిలేటి అరచేతిలోని కొబ్బరికాయ అని జనం ఇప్పటికీ చెప్పుకుంటారు. గుడి ముందర షామియానా వేసి అతనికి శాలువా కప్పినారు, మైకులో పేరు చదివినారు. కంబగిరి ఆ పొద్దు అదే జనంలో, చెప్పులు విడిచిన చోట నిలబడి చప్పట్లు కొట్టినాడు. కొట్టక తప్పదు. ఎందుకు తప్పదో తెలిసినవాళ్ళు ఊళ్ళో ముగ్గురే.

మద్దిలేటి పరాయివాడేం కాదు. కంబగిరి పెండ్లాం సుంకమ్మకు తోడబుట్టిన అన్న. బోరు లారీ ఓనరు. కొబ్బరికాయను అరచేతిలో అడ్డంగా పెట్టుకుని చేలో నడుస్తాడు. నీళ్ళున్న చోట కాయ లేచి నిలువుగా నిలబడుతుంది. అక్కడికి తన లారీనే తోలుకొచ్చి బోరు దింపుతాడు. నీళ్ళు పడితే కాయ గొప్పతనం, పడకపోతే రైతు ఖర్మ. ఈ మాట కంబగిరి చాలాసార్లు అన్నాడు. అన్న ప్రతిసారీ సుంకమ్మ రెండు రోజులు మాట్లాడేది కాదు.

కంబగిరి ఏడో తరగతిలో లెక్కలు తప్పి బడి మానేసినాడు. పద్నాలుగేండ్లకు నాపరాళ్ళ పాలిష్ ఫ్యాక్టరీలో చేరి, ముప్పై మూడేండ్లు రాయి కోసే మిషన్ల కింద పడుకుని బేరింగులు మార్చినాడు. ఫ్యాక్టరీ మూతపడినప్పుడు చేతికి వచ్చింది మూడు నెలల జీతం, వెంట్రుకంత తేడాను కూడా కొలిచే ఒక డయల్ గేజీ. జీతం వాళ్ళు ఇచ్చింది. గేజీ తాను తెచ్చుకున్నది.

ఆ గేజీని నమ్ముకునే రూటరు మిషను మొదలుపెట్టినాడు. నంద్యాల వైపు కొత్త ఇండ్లు కట్టేవాళ్ళందరికీ తలుపుల మీద పూలూ లతలూ కావాలి. కంప్యూటరు చెప్పినట్టు కత్తి నడిచి చెక్కేస్తుంది. కొనాలంటే తన వల్ల కాదు. చేసుకుంటే, ఇనుము ఫ్యాక్టరీ తుక్కులో దొరుకుతుంది, చెయ్యి తనది.

నాలుగంగుళాల చదరపు ట్యూబులు తూకానికి తెచ్చి, ఇంటి పక్క రేకుల షెడ్డులో నాలుగు నెలలు వెల్డింగు చేసినాడు. వెల్డింగు చల్లారేటప్పుడు ఇనుమును తన వైపుకు గుంజుకుంటుంది. అందుకని ఒక మూల కొంచెం, ఎదురు మూల కొంచెం కాల్చుకుంటూ పోయినాడు. పదడుగుల పొడవు, ఐదడుగుల వెడల్పు, మంచం ఆకారం. దాని మీద రైళ్ళు, రైళ్ళ మీద కత్తిని మోసే అడ్డదూలం.

కాళ్ళు బిగించేటప్పుడు కాంక్రీటు పొయ్యలేదు. ఆ కాలనీలో కాంక్రీటు పోసి మిషను బిగించేవాణ్ణి పిచ్చోడంటారు. అడుగు మన్ను తీస్తే బండ తగులుతుంది. కాలనీలో ఇండ్ల గోడలు కూడా ఆ బండ మీద నుంచే లేస్తాయి, పునాది అనేది ఉండదు. కంబగిరి కూడా మన్ను ఊడ్చి, బండకే నాలుగు చోట్ల బెజ్జాలేసి, బోల్టులు దింపి బిగించినాడు. బండ కదలదు. ఫ్యాక్టరీలో మొదటి రోజు నేర్చుకున్న పాఠం అది. అతను నేర్చుకున్నవాటిలో తప్పని తేలిన పాఠం కూడా అదొక్కటే.

సాయంత్రం గేజీ పెట్టి చూస్తే సున్నా. పొద్దున్నే చూస్తే నాలుగు గీతలు తేడా. గేజీ మీద ఒక గీత అంటే వెంట్రుకలో ఏడో వంతు. సరిచేస్తాడు. మరునాడు ఐదు గీతలు. వెల్డింగు కోసి మళ్ళీ వేసినాడు, ఒకసారి కాదు మూడుసార్లు. మద్దిలేటి పక్కింట్లోనే ఉంటాడు కాబట్టి గోడ మీద చేతులేసుకుని, టీ గ్లాసుతో చూస్తుండేవాడు.

“ఏం బావా, నీ మంచం ఇంకా కుంటుతానే ఉండాదా? కాలి కింద ఒక టెంకాయ చిప్ప పెట్టు, సరిపోతాది.”

“నీ కాయ పెట్టమంటావా?”

“నా కాయకు శానా డిమాండుండాది లే బావా. నీకు వాయిదాల మీద ఇస్తా.”

వీధిలో ఆడవాళ్ళు బిందెలు దించి నవ్వినారు. కంబగిరి వెల్డింగు అద్దం మొహానికి దించుకున్నాడు. ఆ నవ్వు పోగొట్టుకోవాలనే పంతంతోనే తరువాతి పని చేసినాడు.

తుక్కు అంగడిలో పాత కిరాణా కాటాలు దొరికినాయి. కాటా లోపల బరువును పట్టే చిన్న కడ్డీ ఒకటి ఉంటుంది. అట్లాంటివి నాలుగు పీకి, మిషను నాలుగు కాళ్ళకు ఒక్కొక్కటి బిగించినాడు. ఫ్రేము ఎటు ఒరిగితే కత్తి ఆ మేరకు పైకో కిందికో సర్దుకోవాలి, అంతే అతని ఆలోచన. ఫోనులో వీడియోలు ఆపి ఆపి చూసి, ఇంగ్లీషు రాకపోయినా గుర్తులూ అంకెలూ చూసి ఆ సర్దుబాటు లెక్క రాసినాడు. లెక్కలు తప్పి బడి మానేసినవాడు ముప్పై ఐదేండ్లకు మళ్ళీ లెక్క చేసినాడు. అది కుదిరింది కూడా. గీతల తేడా మాయమైంది.

మొదటి ఆర్డరు ఒక జత టేకు తలుపులు. లతలు బ్రహ్మాండంగా వచ్చినాయి. అయితే నున్నగా ఉండాల్సిన చోట మసూచి మచ్చల్లా పల్లాలు పడినాయి. ఒక పక్క సూదితో పొడిచినట్టు చిల్లులు. ఆర్డరు ఇచ్చిన పెద్దమనిషి తలుపు మీద చెయ్యి తిప్పి, అడ్వాన్సు వెనక్కి అడిగినాడు.

కంబగిరి చౌక ప్లైవుడ్డు పలక పెట్టి ఉత్త చదును చెయ్యమని మిషనుకు చెప్పినాడు. అవే పల్లాలు, అవే చిల్లులు, అవే చోట్ల. పలక తిప్పిపెట్టినా మచ్చలు తిరగలేదు. ఎక్కడ పడాలో అక్కడే పడినాయి.

పాడైన తలుపును సుంకమ్మ బయట రెండు రాళ్ళ మీద వేసి, బట్టలు ఉతికే పలకగా పెట్టుకుంది. నాలుగో రోజు బట్టలు పిండి, నీళ్ళు ఒంపి, అట్లాగే నిలబడిపోయింది.

“ఇదో, ఇట్లా రా ఒకసారి.”

“ఏముండాది?”

“రమ్మంటే రావేంటికి? నీళ్ళు సూడు, యాడ నిలిచినాయో.”

పల్లాల్లో నీళ్ళు నిలిచి తలుపు మీద ఒక వంకర పాయ మెరుస్తోంది. సుంకమ్మ తడి వేలు సూది చిల్లుల మీద పెడుతూ పోయింది. “ఇది బడి బోరు. ఇది షేక్షావలి అన్నోళ్ళది. ఇది గుడి బోరు, ఈడ ఎండిపోయిన పాత బోరు. ఇరవై ఏండ్లుగా బిందె మోసినా కదా, నాకు తెల్దా? ఇది మన వీధయ్యా.”

కంబగిరి గొంతుక్కూర్చున్నాడు. షెడ్డు ఎక్కడుందో వెతికితే, అన్నిటికన్నా పెద్ద పల్లం దాని కింద ఉంది. కత్తి గిర్రున తిరిగే మోత కాళ్ళ గుండా బండలోకి దిగుతోంది. బండ గట్టిగా ఉన్నచోట ఒకలా, బోలుగా ఉన్నచోట ఒకలా తిరిగొస్తోంది. అడ్డదూలం ఎటు పోతే కాళ్ళు అటువైపు నేలను వింటున్నాయి. తాను రాసిన లెక్క ఆ తిరిగొచ్చిన మోతను కూడా ఒరుగు అనుకుని కత్తిని దించుతోంది. ఎందుకు ఇంత కచ్చితంగా వస్తోందో అతనికి తెలియదు. వస్తోంది, అంతే.

“బోర్లు ఎనిమిదే కదా,” అన్నాడు. “ఈడ చిల్లులు తొమ్మిదుండాయి.”

తొమ్మిదో చిల్లు మద్దిలేటి ఇంటి వెనక, స్నానాల గది ఉన్నచోట ఉంది. సుంకమ్మ వేలు దాని మీద పెట్టి, తీసేసింది. “అది మిషను తప్పయ్యుంటాది,” అంది.

ఆ తరువాత మూడు వారాలు కంబగిరి తలుపులు చెయ్యలేదు. రోజు మార్చి రోజు ఒక పలక చదును చేసి, తేదీ వేసి, గోడకు ఆనించినాడు. ముక్కాలు అంగుళం పలక. షెడ్డు కింది పల్లంలో మొదటి రోజు సగం చెక్క మిగిలింది. పదో రోజుకు వేలుతో నొక్కితే ఊగింది. పదిహేనో రోజు జ్వరం వచ్చి మిషను ముట్టలేదు, ఐదు రోజులు పడుకున్నాడు. లేచి నడిపి చూస్తే పల్లం ఐదు రోజులకు పెరగాల్సినంత పెరగలేదు. పావు వంతు కూడా పెరగలేదు.

ఆ పలకను జ్వరానికి ముందటి పలక పక్కన పెట్టి చూసినాడు. వినాలంటే మోగించాలి. మోగిస్తే కింద బండ రాలుతోంది.

సుంకమ్మకు చెప్పినాడు. ఆమె గిన్నె తోముతూ విని, “అయితే ఆపెయ్,” అంది.

“ఆపినా పెరుగుతానే ఉండాది గదా. నీళ్ళు పోతాండాయి కింద నుంచి. నీళ్ళు నిండుగా ఉన్నంత కాలం ఆ నీళ్ళే మోస్తాండె బండను.”

“మరి జనానికి చెప్పు.”

చెప్పినాడు. వరుసగా మూడిండ్లకు పలక మోసుకుపోయి చూపించినాడు. షేక్షావలి మంచివాడు, టీ పోయించి మరీ విన్నాడు. విని, “కంబగిరన్నా, మా నాయిన ఈ బండ మీద పుట్టె, ఈ బండ మీదనే పాయె. నువ్వు చెక్కముక్క చూపించి ఇల్లిడిసిపెట్టమంటే ఎట్లన్నా? నీ మిషను సెడిపోయిందేమో ఒకసారి సూసుకోరాదా?” అన్నాడు. రెండో ఇంట్లో, బావ మీద కోపంతో కాలనీ పేరు చెడగొడుతున్నాడన్నారు. మూడో ఇంట్లో తలుపు తియ్యలేదు.

మిగిలింది ఒక్కడే. ఆ తొమ్మిదో చిల్లు సంగతి తెలిసిన వాడెవడైనా ఉంటే వాడొక్కడే.

మద్దిలేటి పొద్దున పూట అరుగు మీద కూర్చుని గడ్డం గీసుకుంటున్నాడు. అద్దంలో బావను చూసి, “ఏంది, చెక్క అమ్మొస్తాండావా?” అన్నాడు.

కంబగిరి పలకను అతని ఒళ్ళో పెట్టినాడు. “నీ స్నానాల గది కింద బోరు ఎప్పుడేసినావు?”

బ్లేడు ఆగింది. నురుగు సగం మొహంలో ఉండగానే మద్దిలేటి లోపలికి చూసినాడు, ఇంట్లో ఎవరైనా విన్నారా అని. “ఎవరు జెప్పినారు నీకు?”

“ఎవ్వరూ చెప్పల్యా. ఇదే చెప్పింది. ట్యాంకర్లతో అమ్మే నీళ్ళన్నీ ఆడివేనా?”

మద్దిలేటి పలక మీద చిల్లును బొటనవేలితో తడిమినాడు. దాని పక్కన పల్లం. పలుచగా, ఊగే చెక్క. మెల్లగా అన్నాడు: “మూడేండ్లాయె బావా. ముప్పై అడుగులకాడ రాడ్డు జారిపాయె. ఒక్కసారిగా ఐదడుగులు, ఉత్తగాలిలోకి. నా సర్వీసులో అట్లా ఎప్పుడూ పోల్యా. కింద ఏరు మాదిరి నీళ్ళు. ఎవరికి చెప్తే ఎవరొస్తారో అని గమ్మునుంటి.”

“మూడేండ్లు తోడినావు.”

“తోడినా. మరి నీకు ఈ సంగతి ఎట్లా తెలిసె? ఒకసారి నా కండ్ల ముందర నడుపు.”

“నడిపితే కింద బండ రాలుతాది.”

“సూడకుండా నేనెట్లా నమ్మాల బావా? ఒక్క మూల నడుపు.”

అప్పుడు నడపకుండా ఉండాల్సింది. తరువాత చానాసార్లు అనుకున్నాడు కంబగిరి. కానీ నలభై ఎనిమిదేండ్ల వయసులో మొట్టమొదటిసారి ఒక మనిషి అతని మిషను చూపించమని అడిగినాడు, అదీ మద్దిలేటి. షెడ్డుకు తోలుకుపోయి కొత్త పలక బిగించినాడు. షెడ్డు పల్లం పడే ఆ ఒక్క మూలకే నడిపినాడు.

కత్తి మొదట పొట్టు చిమ్మింది. తరువాత దిగింది, ఇంకా దిగింది. ఉన్నట్టుండి మోత మారింది. చెక్కను కోసే మోత పోయి, ఉత్త గాలిలో తిరిగే కూత మిగిలింది. పలక కింద నుంచి పొట్టు నేల మీద రాలింది. అరచేయంత చిల్లు.

కంబగిరి స్విచ్చి ఆపినాడు. ఆపినాక కూడా కింద నుంచి చప్పుడు వస్తూనే ఉంది, ఎవరో బావిలోకి గులకరాళ్ళు గుప్పిళ్ళతో వేస్తున్నట్టు.

మద్దిలేటి మొహంలో నురుగు ఎండిపోయింది. “అమ్మ లోపలుండాది,” అన్నాడు.

“వీధంతా లోపలే ఉండాది. నేను చెప్తే కదలరు. సూసినా గదా.”

“నేను చెప్పినా ఎందుకని అడగరా? ఈ బోరు సంగతి బయటపడితే నన్ను నిలువునా కోస్తారు.”

“బోరు సంగతి చెప్పాకు. కాయ పట్టుకో.”

మద్దిలేటికి అర్థం కావడానికి క్షణం పట్టింది. అర్థమయ్యాక, బోరు బేరానికి కూర్చున్నట్టే నిదానంగా అన్నాడు: “అట్లయితే నీ మిషను మాట గూడా ఎవురూ ఎత్తగూడదు. నా బోరు నీళ్ళు తోడె, నీ మిషను బండ దులిపె. ఒకరిది బయటికొస్తే రెండోదీ వస్తాది. ఇద్దరం సచ్చేదాకా గమ్మునుండాల. ఒప్పుకుంటావా?”

కంబగిరి తేదీలు వేసిన పలకల వైపు చూసినాడు. ఎనిమిది ఉన్నాయి. అవి చూపిస్తే నంద్యాల నుంచి, హైదరాబాదు నుంచి కూడా మనుషులొస్తారు. ఏడో తరగతి తప్పినవాడు భూమిని చెక్కి చూపించినాడని రాసుకుంటారు. వాకిట్లో సుంకమ్మ నిలబడి ఉంది, మొత్తం విన్నది. లోపలికి పోయి, పూజకు తెచ్చిపెట్టిన కొబ్బరికాయ తెచ్చి అన్న చేతిలో పెట్టింది.

“ఒప్పుకున్నా,” అన్నాడు కంబగిరి.

మొహం కడుక్కుని, పంచె ఎగ్గట్టి, మద్దిలేటి వీధి మొదట్నుంచి నడిచినాడు. నడక మాత్రం మెచ్చుకోవాల. కాయ అరచేతిలో అడ్డంగా ఉంది. జనం ఎప్పటిలాగే గుమిగూడినారు. బడి దాటినాడు, గుడి దాటినాడు. కంబగిరి షెడ్డు ముందరికి రాగానే అడుగు తప్పింది. అది నటన కాదు. కాయ చేతిలోంచి జారి బండ మీద పడి పగిలింది.

“కాయ నిలబడల్యా!” అని అరిచినాడు. “కిందికి గుంజుతాండాది! కింద నీళ్ళు ల్యావు, నేల ల్యాదు! లేయండి, అందరూ లేయండి!”

పలక చూసి నవ్వినవాళ్ళు పగిలిన కాయ చూసి పరుగెత్తినారు. షేక్షావలి అందరికన్నా ముందు పిల్లల్ని చంకనేసుకుని బయటికొచ్చినాడు. పొయ్యి మీది అన్నం పొయ్యి మీదే వదిలేసినారు. మంచం పట్టిన అత్త ఓబులమ్మను మంచంతో సహా ఎత్తడానికి కంబగిరి, మద్దిలేటి చెరొక పక్క పట్టినారు. పెండ్లయిన ఇరవై మూడేండ్లలో ఇద్దరూ కలిసి చేసిన పని అదొక్కటే.

“నా వక్కాకు సంచేది?” అంది ముసలామె. “సంచి ల్యాకుండా నేను యాడికీ రాను.”

“అత్తా, పానం పోతాదే!”

“వక్కాకు ల్యాకపోతే ఉండి ఏంజేస్తాదయ్యా అది?”

సుంకమ్మ వెనక్కి ఉరికి సంచి తెచ్చింది.

పదకొండు గంటలకల్లా వీధి ఖాళీ. బడి మైదానంలో వేపచెట్ల నీడన అందరూ కూర్చున్నారు. పన్నెండయింది, ఒంటిగంటయింది, ఏమీ కాలేదు. అన్నాలు మాడిపోతున్నాయని ఆడవాళ్ళు గొణుగుతున్నారు. ఒకరిద్దరు లేచి పోబోతే మద్దిలేటి అడ్డం నిలబడినాడు. కంబగిరి చేతులు మోకాళ్ళ మధ్య పెట్టుకుని, తాను అబద్ధమవ్వాలా నిజమవ్వాలా అన్నది తేల్చుకోలేకపోయినాడు. అబద్ధమైతే ఇల్లు మిగులుతుంది.

మూడుంపావుకు నేల ఒకసారి మూలిగింది. షెడ్డు రేకులు ముందు కిందికి కుంగినాయి, తరువాత ఇంటి గోడలు లోపలికి మొగ్గినాయి. మిషను ఎటూ ఒరగలేదు. నాలుగు కాళ్ళ మీద, బిగించినది బిగించినట్టు, బండతో సహా నిలువుగా దిగిపోయింది. వెల్డింగు ఒక్కటి కూడా ఊడలేదు. దుమ్ము అణిగేసరికి అక్కడ గుండ్రటి గొయ్యి. గొయ్యి గోడకు, మద్దిలేటి స్నానాల గది ఉండిన చోట, విరిగిన బోరు పైపు బయటికి పొడుచుకుని ఉంది. అది ఎవరూ చూడకముందే మద్దిలేటి పోయి దాని మీద గోనెసంచి కప్పినాడు. అతని ఇల్లు మాత్రం నిలిచింది. మెట్ల పక్కన ఒక పగులు వచ్చింది, అంతే.

ఒక్క మనిషికి గాయం కాలేదు. తరువాత కొలతలకు వచ్చిన ఆఫీసరు, సున్నపురాతి నేలల్లో సహజంగానే ఇట్లా జరుగుతుందని రాసుకుపోయినాడు. సహజం కాబట్టి నష్టపరిహారం కిందికి రాదన్నారు. కాలనీకి గొట్టాల నీళ్ళు వచ్చినాయి, బోర్లన్నీ మూసినారు. మద్దిలేటి లారీ అమ్మి ట్రాక్టరు కొన్నాడు. కాయ పట్టడం మానేసినాడు. ఎవరైనా బతిమాలితే, ఆ పొద్దుతోనే దాని శక్తి పోయిందంటాడు. ఆ మాట నిజమే అయ్యుండాల, ఎందుకంటే ఆ మాట అన్నప్పుడు అతను ఎవరి మొహంలోకీ చూడడు.

కంబగిరి, సుంకమ్మ ఇప్పుడు షేక్షావలి ఇంటి వెనక గదిలో బాడుగకున్నారు. అతను నంద్యాలలో గేట్లు వెల్డింగు చేసే అంగడిలో కూలికి పోతాడు. పలకలు ఎనిమిదీ మిషనుతోనే పోయినాయి. మిగిలింది బట్టలు ఉతికే ఆ తలుపొక్కటే. సుంకమ్మ ఆ పొద్దు అమ్మ వక్కాకు సంచితో పాటు దాన్ని ఎందుకు లాక్కొచ్చిందో, ఇద్దరూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు. గదిలో గోడకు, చెక్కిన పక్క లోపలికి తిప్పి ఆనించి ఉంది.

ఇంటి పన్ను నోటీసు ఇంకా వస్తూనే ఉంది. నేల దిగిపోయినా కాగితం మీద చదరం చెరగలేదని ఆఫీసులో చెప్పినారు. నోటీసులో హద్దులు కూడా సరిగ్గానే ఉన్నాయి. తూర్పున మద్దిలేటి ఇల్లు, పడమర వీధి, ఉత్తరాన గుడి మాన్యం, దక్షిణాన బండి దారి. సర్వే నంబరు రెండు వందల పద్నాలుగు బై మూడు. నాలుగున్నర సెంట్లు.